గుయ్‌మనే గిటారు

వస్తువు కొనేటప్పుడు లోపం లేనిది ఏరుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. కుండ కొంటే వేలితో కొట్టి చూస్తాం. చీర కొంటే వెలుగులోకి తీసుకెళ్లి అంచు సాగదీసి చూస్తాం. వంకాయలు కొంటే పుచ్చు ఉందేమోనని ఒక్కొక్కటీ తిప్పి మరీ చూస్తాం. అలాంటి ఈ లోకంలోనే, లోపం ఉన్నదే కావాలని పట్టుబట్టి, లోపం సవరించిన కొత్తది తెచ్చిస్తే మొహం చిట్లించి, ఆ లోపంతో సహా పాత వస్తువు మీద లక్షలు పోసే జనం కొందరున్నారు. వాళ్లు ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాళ్లు. ఆ లోపం, గిటారు పెట్టే రొద.

గిటారుతో మనకేం పని అంటారేమో! మా సికింద్రాబాదులో మాత్రం ఆ మాట చెల్లదు. ఈ ఊరు 1806లో కంటోన్మెంటుగా పుట్టింది. దండుతో బ్యాండు వచ్చింది. రైలుతో లాలాగూడ క్వార్టర్లూ, వాటిలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలూ, వాళ్ల డాన్సులూ, క్రిస్మస్ పాటలూ వచ్చాయి. చర్చిలో గిటారు, కాలేజీ వార్షికోత్సవంలో గిటారు, ఇప్పుడు అపార్టుమెంటుకు రెండు గిటార్లు. మా పై వాటాలో ఒక కుర్రాడున్నాడు. అతను ట్యూబులైటు వేసుకుని గిటారు మొదలుపెడితే చాలు, పాట కన్నా ముందు తుమ్మెద దూరినట్టు గుయ్‌మని ఒక మోత కిందికి దిగివస్తుంది. "బాగుచేయించుకోరాదుటయ్యా?" అని అడిగితే, "బాగుచేస్తే సౌండు పోతుందాంటీ" అన్నాడు. వినడానికి తలతిక్క జవాబులా ఉన్నా, అందులో ఆలోచించాల్సిన విషయం చాలానే ఉంది.

నేను చదివింది బి.ఏ. కరెంటు గురించి నాకు తెలిసిందల్లా బిల్లు కట్టడమేనని మావారి నిశ్చితాభిప్రాయం. అయినా ఈ రొద సంగతి తెలుసుకోవడానికి ఇంజనీరింగు చదవక్కర్లేదు. ఇంట్లో ఫ్యాను కాలిపోతే రాణీగంజులోనో, వీధి చివరో ఉన్న వైండింగు షాపుకి పంపిస్తాం కదా. అక్కడ ఎర్రటి రాగి తీగను చుట్టలు చుట్టలుగా చుడుతూ ఉంటారు. ఎలక్ట్రిక్ గిటారులోనూ సరిగ్గా అలాంటి చుట్టే ఒకటుంటుంది. కాకపోతే తీగ ఇంచుమించు తలవెంట్రుకంత సన్నం, చుట్లు సుమారు ఎనిమిది వేలు. ఆ చుట్ట నడుమ చిన్న చిన్న అయస్కాంతపు కడ్డీలు. దీన్ని పికప్ అంటారు. గిటారు తీగలకు సరిగ్గా కింద, వాటికి తగలకుండా అమరుస్తారు. ఉక్కు తీగ మీటగానే అయస్కాంతం చుట్టూ ఉన్న ప్రభావం చెదిరి, రాగి చుట్టలో రవంత కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే చెప్పిన సూత్రమే. ఆ రవంతనూ యాంప్లిఫయరు పెద్దది చేస్తే మనకు పాట వినిపిస్తుంది.

చిక్కల్లా ఎక్కడంటే, ఆ చుట్టకు మంచీ చెడూ తెలియదు. గిటారు తీగ చెప్పినదాన్ని విన్నట్టే గోడలోని కరెంటు తీగనూ, ట్యూబులైటునూ, ఫ్యాను రెగ్యులేటరునూ వింటుంది. మన దేశంలో కరెంటు సెకనుకు యాభైసార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగడమే గుయ్‌మనే మోత. వాయించేవాడు గిటారు పట్టుకుని ఒక పక్కకు తిరిగితే రొద తగ్గుతుంది, ఇంకో పక్కకు తిరిగితే పెరుగుతుంది. రేడియోలో స్టేషను సరిగా రావడం కోసం పూర్వం మనం దాన్ని కిటికీ దగ్గరికీ అలమర మీదికీ తిప్పినట్టే. ఇలా ఒకే చుట్ట ఉన్నది గనుక దీనికి సింగిల్ కాయిల్ అని పేరు.

దీన్ని ఇంటింటి వస్తువు చేసినవాళ్లలో ముఖ్యుడు లియో ఫెండర్. కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసుకునే మనిషి. ఆయనకు గిటారు వాయించడం రాదు. 1950లో రెండు పికప్‌ల గిటారు, 1954లో మూడు పికప్‌ల స్ట్రాటోకాస్టరు ఆయన కంపెనీ నుంచి వచ్చాయి. వాటి రొద భరించలేక, 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీరు ఒక ఉపాయం పన్నాడు. ఒక చుట్టకు బదులు రెండు చుట్టలు, ఒకదానికొకటి ఎదురు దిశలో. గోడలోంచి వచ్చే మోత రెండింటిలోనూ ఎదురెదురుగా పుట్టి, ఒకదాన్నొకటి చంపుకుంటుంది. అయస్కాంతాలను కూడా తలకిందులు చేయడంవల్ల తీగ నుంచి వచ్చే పాట మాత్రం రెండింతలవుతుంది. ఎంత ముచ్చటైన తెలివో చూడండి! రొదను మింగేస్తుంది గనుక దానికి హంబకర్ అని పేరు పెట్టారు.

కథ ఇక్కడితో అయిపోవాలి. రోగం ఉంది, మందు దొరికింది. కానీ దాదాపు డెబ్భై ఏళ్లయినా సగంమంది గిటారిస్టులు ఆ మందు పుచ్చుకోవడం లేదు. కారణం వాళ్ల మొండితనమేనని కొట్టిపారేయడానికి లేదు. రెండు చుట్టలు తీగను రెండు చోట్ల వింటాయి. ఆ రెండు వినికిడుల్లో రొదతో పాటు మరికొన్ని సన్నని పై స్వరాలు కూడా పరస్పరం రద్దయిపోతాయి. చుట్లు ఎక్కువైన కొద్దీ పదును మరికాస్త తగ్గుతుంది. హంబకర్ ఇచ్చేది గుండ్రని, బరువైన, మెత్తని ధ్వని. బి.బి. కింగ్ గిటారు వినండి, మీగడ తరకలా ఉంటుంది. సింగిల్ కాయిల్ ఇచ్చేది పలుచని, తేటనీటిలాంటి ధ్వని. 1978లో డైర్ స్ట్రెయిట్స్ అనే బృందం మొదటి రికార్డులో మార్క్ నాఫ్లర్ స్ట్రాటోకాస్టరు వినండి. ఆరు తీగలు ఒకేసారి మోగినా ఏ తీగ ఏమంటోందో విడివిడిగా తెలుస్తుంది. వేలు తీగకు తగిలిన చప్పుడు కూడా తెలుస్తుంది.

నా విమర్శకు ఆధారం ఈ చివరి మాటే. సింగిల్ కాయిల్ దేన్నీ దాచదు. వేలు బాగా పడితే బాగా పడిందని చెబుతుంది, తడబడితే తడబడిందని అందరి ముందూ చెప్పేస్తుంది. మీగడ ధ్వనిలో చిన్న తప్పులు మునిగిపోతాయి. తేట ధ్వనిలో అడుగున ఉన్న ఇసుక రేణువు కూడా పైకి కనిపిస్తుంది. అలాంటి వాద్యాన్ని కోరి తెచ్చుకునేవాడు తన చేతిని నమ్ముకున్నవాడయి ఉండాలి. ఆ మేరకు వాళ్ల మోజు నాకు గౌరవించదగిందిగానే కనిపిస్తుంది. కొందరు మహానుభావులు మెత్తని ధ్వనితోనే గుండె కరిగించారు గనుక హంబకర్ తక్కువదని అనబోవడం లేదు. ఒక్కటి మాత్రం నిజం. శుభ్రం చేయడంలో ప్రతిసారీ కొంత సారం కూడా పోతుంది. బియ్యం మల్లెపువ్వులా ఉండాలని మరీ పాలిష్ పట్టిస్తే ఏం పోతుందో మనకు తెలియదూ?

ఇక పాత గిటార్ల సంగతి. కొత్త సింగిల్ కాయిళ్లు బజారులో దొరుకుతూనే ఉండగా, 1950లలోవీ, 1960ల మొదట్లోవీ ఎందుకంత ప్రాణం? దీనికీ ఒక నిజమైన కారణం ఉంది, ఆ కారణం ఒక స్త్రీ చేతుల్లో ఉంది.

అబిగైల్ ఇబార్రా అనే ఆవిడ 1956లో ఫెండర్ కంపెనీలో పనికి కుదిరింది. పికప్‌లు చుట్టడంలో ఆవిడ అంతటివాళ్లు లేరని పేరు తెచ్చుకుని, 2013లో రిటైరైంది. యాభై ఏడేళ్లు! మిషను చుట్టను గిరగిరా తిప్పుతుంటే, వెంట్రుకలాంటి రాగి తీగను వేళ్ల మధ్య పట్టుకుని, బిగువు తెలుసుకుంటూ అటూ ఇటూ నడిపించాలి. బిగువు ఎక్కువైతే తెగిపోతుంది, తక్కువైతే వదులైపోతుంది. చేత్తో నడిపిన తీగ అచ్చు గుద్దినట్టు వరసగా కూర్చోదు. ఒక వరస కాస్త ఏటవాలుగా, ఒక వరస కాస్త ఎడంగా పడుతుంది. ఆ ఎగుడుదిగుడు వల్లే ధ్వనికి గాలి ఆడినట్టుంటుందని వాయించేవాళ్లు అంటారు. చేగోడీలు చుట్టే చేయి మారితే కరకర మారిపోతుందని మనం అంటామే, అలాగన్నమాట. ఆవిడ పొడి అక్షరాలు వేసిన పికప్ అంటే తర్వాత్తర్వాత గిటారిస్టులు కళ్లకద్దుకున్నారు.

ప్రపంచమంతా లియో ఫెండర్ పేరు చెప్పుకుంటుంది. చెప్పుకోవలసిందే. కానీ ఎవరో కుర్రాడు వేదిక మీద జుట్టు ఎగరేసుకుంటూ వాయించి చప్పట్లు కొట్టించుకున్న ఆ ధ్వనిలో, కర్మాగారంలో వంచిన తల ఎత్తకుండా తీగ చుట్టిన ఆడవాళ్ల వేళ్లున్నాయి. ఈ సంగతి గిటారు చరిత్రలో చివరి పేజీల్లోకి జారిపోవడం మాత్రం నాకు బొత్తిగా నచ్చలేదు. వంట బాగుందని గృహస్థును మెచ్చుకుని వెళ్లే అతిథులు మన ఇళ్లకూ వస్తారు కదా!

అయితే మోజులో సగం చెవిది, మిగతా సగం షోకేసుది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి. 1965లో ఫెండర్ కంపెనీని సి.బి.ఎస్. అనే పెద్ద సంస్థ కొనేసింది. ఆ తర్వాత చేసినవాటిలో పనితనం తగ్గిందని, అంతకుముందువే గిటార్లని ఒక వాదం పుట్టింది. వాదంలో కొంత నిజం ఉంది. కానీ వాదం ముదిరి మతమైతే వింతలు జరుగుతాయి. 2019లో న్యూయార్కులో డేవిడ్ గిల్మర్ గిటార్లు వేలం వేశారు. వాటిలో నల్లని స్ట్రాటోకాస్టరు 39 లక్షల 75 వేల డాలర్లకు పోయింది. అప్పటికి ఏ గిటారుకూ రాని ధర. అది 1969 నాటిది, అంటే కంపెనీ చేతులు మారిన తర్వాతది. పైగా గిల్మర్ దాని మెడ ఎన్నోసార్లు మార్చాడు, పికప్ మార్చాడు, చెక్కకు కొత్త కన్నాలు పెట్టాడు. మరి ఆ ధర ఏ పాతదనానికి వచ్చినట్టు? దాన్ని వాయించిన చేతికి వచ్చింది.

ఐర్లండులో రోరీ గాలహర్ అనే గిటారిస్టు ఉండేవాడు. 1963లో ఒక వాడేసిన స్ట్రాటోకాస్టరును వంద పౌండ్ల ప్రాంతంలో కొన్నాడు. ఊరూరా తిరిగి వాయించి వాయించి, చెమటకు దాని రంగంతా రాలిపోయి, లోపలి చెక్క బయటపడింది. ఆయన 1995లో చనిపోయాడు. 2024లో ఆ గిటారు దాదాపు తొమ్మిది లక్షల పౌండ్లకు అమ్ముడై ఐర్లండు జాతీయ మ్యూజియానికి చేరింది. ఆ అరుగుదల చూస్తే మా అమ్మమ్మ రోకలి గుర్తొస్తుంది. పట్టుకునే చోట చేయి ముద్ర పడి, నున్నగా, అద్దంలా ఉండేది. అలాంటి అరుగుదలకు నమస్కారం పెట్టవచ్చు.

కానీ గాలహర్ పోయిన 1995వ సంవత్సరంలోనే మరో విడ్డూరం మొదలైంది. కొత్త గిటారునే రంగు గోకి, అంచులు అరగదీసి, మేకులకు తుప్పు పట్టించి, పాతదానిలా తయారుచేసి, మామూలు కొత్తదానికన్నా ఎక్కువ ధరకు అమ్మడం. మోకాళ్ల దగ్గర చింపిన ప్యాంటుకు చింపనిదానికన్నా ఎక్కువ డబ్బిచ్చే పిల్లలున్న ఇల్లాళ్లకు దీని గురించి నేను విడమరిచి చెప్పాలా? వాయించకుండానే వాయించిన గుర్తులు కావాలి. కాపురం చేయకుండానే షష్టిపూర్తి ఫోటో కావాలి!

పాతది గనుకనే గొప్పగా మోగుతుందనే నమ్మకానికి ఒక పరీక్ష కూడా జరిగింది. గిటారు మీద కాదు, దాని పెద్దక్కయ్య వయొలిన్ మీద. 2010లో అమెరికాలో ఇండియానాపొలిస్ నగరంలో అంతర్జాతీయ వయొలిన్ పోటీలు జరిగినప్పుడు, క్లాడియా ఫ్రిట్జ్ అనే పరిశోధకురాలూ ఆమె మిత్రులూ 21 మంది విద్వాంసులను ఒక హోటలు గదిలోకి పిలిచారు. మూడు కొత్త వయొలిన్లు, మూడు వందల ఏళ్లనాటి మూడు ఇటలీ వయొలిన్లు. వాటిలో రెండు స్ట్రాడివేరియస్ చేసినవి. విద్వాంసుల కళ్లకు వెల్డింగు అద్దాలు పెట్టారు. పాత చెక్క వాసనతో గుర్తుపట్టేస్తారేమోనని గడ్డం ఆనే చోట సెంటు చుక్క కూడా వేశారు. ఏది ఇంటికి తీసుకెళ్తారు అని అడిగితే ఎక్కువమంది కొత్తవే ఎన్నుకున్నారు. అందరికన్నా తక్కువ మార్కులు ఒక స్ట్రాడివేరియస్‌కే వచ్చాయి. 2012లో ఆ ఫలితాలు అచ్చయినప్పుడు పాత వయొలిన్ల భక్తులకు కొంచెం కష్టమే అయింది. పేరు వినిపించకపోతే చెవి ఎంత నిష్పక్షపాతంగా తీర్పు చెబుతుందో!

కాబట్టి పాతదాని గొప్ప ఎక్కడుందో వెతకాలంటే, పాతదే లేని చోటికి వెళ్లి చూడాలి. అలాంటి చోటు మనకు కూతవేటు దూరంలోనే ఉంది. అది పశ్చిమ గోదావరిలోని పాలకొల్లు.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ విద్వాంసులు. ఇంట్లో ఉన్న మేండొలిన్ తీసి పిల్లవాడు పలికిస్తుంటే చూసి, రుద్రరాజు సుబ్బరాజుగారి దగ్గర సంగీతానికి చేర్చారు. ఇక్కడే నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఉంది. సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, ఆయనకు మేండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు. పిల్లవాడు ఆ పాటను తీగ మీద వెతుక్కునేవాడు. గిటారు వాయించడం రాని ఫెండర్ గిటారు చేసినట్టే, మేండొలిన్ రాని గురువు మేండొలిన్ విద్వాంసుణ్ణి చేశారన్నమాట.

మేండొలిన్ ఇటలీ వాద్యం. జంటలు జంటలుగా ఎనిమిది తీగలు. మీటితే టింగుమని మోగి వెంటనే ఆరిపోతుంది. మన సంగీతానికి ప్రాణం గమకం. స్వరం ఊగాలి, జారాలి, సాగాలి. అలా ఆరిపోయే వాద్యం మీద తోడి రాగమా అని పెద్దలు పెదవి విరిచారంటే వాళ్లను తప్పుపట్టలేం. శ్రీనివాస్ చేసిన పనేమిటంటే, జంట తీగలు తీసేసి ఒంటి తీగలు ఐదు పెట్టుకున్నాడు. బోలు బొజ్జ ఉన్న వాద్యం మాని, గట్టి చెక్క మీద పికప్ ఉన్న ఎలక్ట్రిక్ మేండొలిన్ పట్టుకున్నాడు. బోలు చెక్క తీగలోని శక్తిని గబగబా తాగేసి గాలికి ఇచ్చేస్తుంది. గట్టి చెక్క అలా తాగదు. తీగ ఆరిపోయే చివరి క్షణం వరకూ పికప్ దాని మాట వింటూ ఉంటుంది. ఒక్క మీటులో ఎడమచేయి నాలుగు స్వరాలు తిరిగి రావడానికి వ్యవధి దొరుకుతుంది. మన సభల్లో చాలామందికి కరెంటంటే హోరు. శ్రీనివాస్‌కు అది ఊపిరి అయింది.

1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ చేసేనాటికి అతనికి తొమ్మిదేళ్లు. 1981లో మద్రాసులో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక ఎక్కాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న, నలభై ఐదేళ్లకే, చెన్నైలో వెళ్లిపోయాడు.

అతని రికార్డులు ఇప్పుడు మళ్లీ వింటుంటే గిటారిస్టుల తగవంతా ఇందులోనే తేలిపోయిందనిపిస్తుంది. ఎలక్ట్రిక్ మేండొలిన్ ధ్వని నిజానికి పలుచనే. వీణకున్న లోతు దానికి లేదు. త్వరగా నడిచే స్వరకల్పనలో ఆ పలుచదనం మేలు చేస్తుంది, ముత్యాలు పళ్లెంలో పోసినట్టు ప్రతి స్వరమూ వేరుగా వినిపిస్తుంది. ఆ వేగమే అతనికి పేరు తెచ్చింది, ఆ వేగం కోసమే చప్పట్లు కొట్టాం. నన్నడిగితే అతని గొప్ప నెమ్మదిగా సాగే ఆలాపనలో ఉంది. అక్కడ దాచుకోవడానికి ఏమీ లేదు. తీగ ఒకటి, మీటు ఒకటి, దాని తర్వాతంతా వేలే. ఆ వేలు గురువుగారి గొంతును తలుచుకుంటూ నడుస్తుంది. అంతకుముందు కర్ణాటక సంగీతంలో అలాంటి ఎలక్ట్రిక్ మేండొలిన్ సంప్రదాయం లేదు. పూజించడానికి 1954 నాటి నమూనా లేదు. వెనక పాతదంటూ ఉన్నది పాట ఒక్కటే.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. గిటారు పాతబడితే వేలానికి వెళ్తుంది. వీణ పాతబడితే అటకెక్కుతుంది.

మన తరానికి ముందు మధ్యతరగతి ఇళ్లల్లో వీణ నేర్పించని తల్లి అరుదు. పెళ్లిచూపుల్లో ఒక కీర్తన వాయించడం, పెళ్లయి అత్తవారింటికి సామానుతో పాటు వీణ వెళ్లడం, మొదటి కాన్పు దాకా ఎప్పుడైనా తీయడం, ఆ తర్వాత పాత దుప్పటి కప్పి మూలకు చేర్చడం. ఇది ఎన్ని ఇళ్ల కథో! బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశంవారు తరాలుగా పనస మాను తొలిచి వీణలు చేస్తున్నారు. ఒకే మానులో కుండా దండీ కలిపి చెక్కిన వీణ వాళ్ల ప్రత్యేకత. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అంత పనితనం మూలన పడి ఉంటే, అమెరికాలో ఎవరో అమ్మ చుట్టిన రాగి తీగకోసం మన పిల్లలు కలలు కనడంలో తప్పు పిల్లలది మాత్రమే అంటానికి లేదు.

వీణకూ కరెంటు వచ్చింది. చాలామంది విద్వాంసులు కాంటాక్ట్ మైకు అంటించుకుని వాయిస్తున్నారు. అయస్కాంతపు పికప్‌కు ఉక్కు తీగల మాటే వినిపిస్తుంది, వీణలోని ఇత్తడి మంద్ర తీగలను అది పట్టించుకోదు. చెక్క అదురును పట్టే కాంటాక్ట్ మైకుకు ఆ పక్షపాతం లేదు. అయితే దీని మీద రసికులకు కోపం ఉంది. వీణ గిటారులా మోగుతోందంటారు. ఫిర్యాదు పూర్తిగా అన్యాయం కాదు. మైకు చెక్కకు మరీ దగ్గరగా చెవి ఆనిస్తుంది గనుక, కుండలోంచి లేచి గదిలో తిరిగి మన దాకా వచ్చే ఆ గాఢత పలుచబడుతుంది. కానీ మైకు లేని వీణ పెద్ద హాలులో వెనక వరసలకు వినిపించదన్నదీ నిజమే. ఈమని శంకరశాస్త్రిగారు, ఆయన శిష్యులు చిట్టిబాబుగారు వీణను గొంతులా పలికించి లోకానికి వినిపించారంటే, తీగను ఎంత మీటాలో కాదు, మీటాక ఎంతసేపు పలికించవచ్చో చూపించారు గనుకనే. మైకు ఆ పలుకును మోసుకెళితే మిత్రుడు, దాని మీద కూర్చుంటే శత్రువు.

వీణలో ఏముందో పరాయివాళ్లకు తెలిసినంతగా మనకు తెలియదేమోనని ఒక్కోసారి అనిపిస్తుంది. జాన్ మెక్‌లాఫ్లిన్ ఇంగ్లండులో పుట్టిన గొప్ప గిటారిస్టు. అమెరికాలో ఎస్. రామనాథన్‌గారి దగ్గర వీణ నేర్చుకున్నాడు. 1970లలో శక్తి బృందం పెట్టినప్పుడు, మెట్ల మధ్య చెక్కను గుల్లగా తొలిపించి, వీణమీద లాగినట్టు తీగను లాగేలా గిటారు చేయించుకున్నాడు. మళ్లీ 1990ల చివర ఆ బృందాన్ని తిరగదోడినప్పుడు తన పక్కన కూర్చోబెట్టుకున్నది మన పాలకొల్లు శ్రీనివాస్‌నే. గిటారు వీణ వైపు వంగింది, మేండొలిన్ గాత్రం వైపు వంగింది. మూలనున్న వీణ మాత్రం దుప్పటి కింద అలాగే ఉంది.

అందుకే రొద పెట్టే పాత గిటారును ప్రేమించే కుర్రాళ్లను చూసి నవ్వుకోవడానికి నాకు మనసొప్పదు. వాళ్ల ప్రేమలో షోకేసు భాగం తీసేయగా మిగిలింది మంచి ప్రేమే. వాళ్లు దాన్ని రోజూ చేతిలోకి తీసుకుంటున్నారు. గుయ్‌మంటే పక్కకు తిరిగి కూర్చుని మళ్లీ వాయిస్తున్నారు. వాద్యానికి అంతకన్నా మర్యాద ఏముంటుంది?

మన వీణ దించితే అదీ మొదట రొదే పెడుతుంది. తుప్పు పట్టిన శారణి తీగ బిరడా తిప్పగానే తెగుతుంది. మైనం ఎండి మెట్లు కదిలిపోయి ఉంటాయి, మేళం కట్టించాలి. వేళ్ల మీద కాయలు పోయి మెత్తబడ్డాయి గనుక సరళీ స్వరాలకే మంటపుడతాయి. ఇంట్లోవాళ్లు "ఇప్పుడెందుకమ్మా ఇదంతా" అంటారు. అనుకోనివ్వండి. శ్రుతి కుదరడానికి ఒక వారం పడుతుంది, వేళ్లు కుదరడానికి మరో రెండు నెలలు.

ఈలోగా పై వాటా కుర్రాడెవరైనా వచ్చి "ఏంటాంటీ ఆ సౌండు?" అని అడిగితే, కూర్చోబెట్టి వినిపించండి.